సింగిల్ బోర్డు కంప్యూటరులో ఉష్ణోగ్రత పరిమితులు

సింగిల్ బోర్డు కంప్యూటరులో ఉష్ణోగ్రత పరిమితులు అనగా, ప్రాసెసరు వేడెక్కినపుడు ఏ స్థాయిలో ఫ్యాను తిరగవలెను, ఏ స్థాయిలో వేగం తగ్గవలెను, ఏ స్థాయిలో కంప్యూటరు తనంతట తానే ఆగిపోవలెను అని నిర్ణయించే అమరికలు. వీటిలో చివరిదైన షట్‌డౌన్ పరిమితి మిక్కిలి ముఖ్యమైనది. దానిని మరీ తక్కువగా ఉంచితే కంప్యూటరు అవసరం లేకుండానే పని మానివేస్తుంది. మరీ ఎక్కువగా ఉంచితే, ఫైళ్ళను భద్రపరచుకొనే వ్యవధి లేకుండా ఒక్కసారిగా ఆగిపోయే ప్రమాదం ఉన్నది. కనుక ఈ పరిమితి చిప్పును కాపాడడానికి మాత్రమే కాక, మెమరీ కార్డులోని సమాచారాన్ని కాపాడడానికి కూడా ఉద్దేశించబడినది.

ఈ వ్యాసంలో ప్రధానంగా రాస్ప్‌బెర్రీ పై బోర్డులు, లినక్స్ ఆపరేటింగ్ సిస్టము ఉదాహరణగా తీసుకొనబడినవి. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలలో ఇవ్వబడినవి. ఫైళ్ళ పేర్లు, ఆదేశాలు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నవి. కంప్యూటరులో వాటిని ఇంగ్లీషు అక్షరాలలోనే టైపు చేయవలెను.

వేడికి కారణం

ప్రాసెసరు, మెమరీ, యూఎస్‌బీ, నెట్‌వర్క్ భాగాలన్నీ ఒకే పలకపై అమర్చబడిన కంప్యూటరును సింగిల్ బోర్డు కంప్యూటరు అంటారు. బల్లపై ఉండే మామూలు కంప్యూటరులో పెద్ద హీట్ సింక్, ఒకటి రెండు ఫ్యానులు, గాలి ఆడే పెట్టె ఉంటాయి. సింగిల్ బోర్డు కంప్యూటరులో సాధారణంగా ఇవేవీ ఉండవు. అరచేతిలో పట్టే ఈ బోర్డును చాలామంది గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి టీవీ వెనుకనో, గోడపైనో, ఆరుబయట స్తంభానికో అమర్చుతారు.

ప్రాసెసరు పని చేస్తున్నపుడు ఖర్చయ్యే విద్యుత్తు దాని వేగానికి అనులోమంగాను, వోల్టేజి వర్గానికి అనులోమంగాను పెరుగుతుంది. అలా ఖర్చయిన విద్యుత్తు దాదాపు పూర్తిగా వేడిగా మారుతుంది. దీనికి తోడు, చిప్పు వేడెక్కిన కొద్దీ ట్రాన్సిస్టర్ల నుండి లీకయ్యే విద్యుత్తు కూడా పెరుగుతుంది. అనగా వేడి మరికొంత వేడికి కారణమవుతుంది. వేగాన్ని, వోల్టేజిని కలిపి తగ్గించినపుడు ఉష్ణోగ్రత త్వరగా దిగివచ్చుటకు ఇదే కారణం.

బోర్డుపై ఉన్న భాగాలన్నీ ఒకే వేడిని తట్టుకోలేవు. ఉదాహరణకు తొలి రాస్ప్‌బెర్రీ పై బోర్డులలో ప్రధాన చిప్పు 85 డిగ్రీల వరకు పని చేయునట్లు నిర్దేశించబడగా, యూఎస్‌బీ, ఈథర్‌నెట్ పనులు చూసే ల్యాన్9512 చిప్పు 0 నుండి 70 డిగ్రీల వరకు మాత్రమే నిర్దేశించబడినది. ప్రధాన చిప్పులోని ఉష్ణమాపకం ఆ చిప్పు వేడిని మాత్రమే చెబుతుంది. పక్కనున్న భాగాలు, డబ్బాలోని గాలి, మెమరీ కార్డు ఎంత వేడిగా ఉన్నవో అది చెప్పలేదు. పరిమితిని ఎంచుకొనేటపుడు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

చరిత్ర

పాత ప్రాసెసర్లలో ఉష్ణ రక్షణ తక్కువగా ఉండేది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైటు ఒక వీడియో ప్రచురించినది. నడుస్తున్న కంప్యూటర్లలో ప్రాసెసరు మీది హీట్ సింకును తీసివేయగా, ఇంటెల్ పెంటియం 4 తన వేగాన్ని తగ్గించుకొని నడిచినది, పెంటియం 3 ఆగిపోయినది, ఏఎండీ ఆథ్లాన్ మాత్రం పొగ వచ్చి కాలిపోయినది. వేగం తగ్గించడం, ఆపివేయడం, ఏ రక్షణా లేకపోవడం అనే మూడు స్థితులకు ఈ ప్రయోగం మంచి ఉదాహరణగా నిలిచినది. తరువాతి కాలంలో ఉష్ణ రక్షణ ప్రాసెసర్లలో తప్పనిసరి భాగమైనది.

లినక్స్ కెర్నెల్‌లో వేర్వేరు యంత్రాల ఉష్ణమాపకాలను, ఫ్యానులను ఒకే పద్ధతిలో నడిపే ఉష్ణ నియంత్రణ వ్యవస్థ 2008లో చేర్చబడినది. ఏ బోర్డులో ఏ పరిమితి ఉండవలెనో డివైస్ ట్రీ అనే వివరణ ఫైలులో వ్రాసే పద్ధతి ఆ తరువాత వచ్చినది.

రాస్ప్‌బెర్రీ పై మొదటి బోర్డు 2012 ఫిబ్రవరి 29న విడుదలైనది. దాని వేగం 700 మెగాహెర్ట్జ్. అదే సంవత్సరం సెప్టెంబరులో టర్బో మోడ్ అనే సౌకర్యం ప్రవేశపెట్టబడినది. చిప్పు 85 డిగ్రీల లోపు ఉన్నంతవరకే, అవసరమైనపుడు వేగాన్ని 1 గిగాహెర్ట్జ్ వరకు పెంచుకొనుటకు ఇది వీలు కల్పించినది. ఆ విధంగా ఉష్ణోగ్రత పరిమితి రక్షణగానే కాక, అదనపు వేగానికి హద్దుగా కూడా మారినది. 2018లో వచ్చిన 3బి ప్లస్ నమూనాలో 60 డిగ్రీల వద్ద మరొక మెత్తని పరిమితి చేర్చబడినది. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 మునుపటి వాటికంటే వేగవంతమైనది, వేడి కూడా ఎక్కువే. 2023లో విడుదలైన రాస్ప్‌బెర్రీ పై 5 బోర్డుపై ఫ్యాను కోసం ప్రత్యేకంగా నాలుగు పిన్నుల సాకెట్ అమర్చబడినది.

పరిమితులలో రకాలు

ఉష్ణోగ్రత పరిమితులను నాలుగు అంచెలుగా అర్థం చేసుకొనవచ్చును.

* చల్లార్చే అంచె: నిర్ణీత ఉష్ణోగ్రత దాటగానే ఫ్యాను తిరుగుతుంది. కంప్యూటరు పనిలో ఏ మార్పూ ఉండదు.
* వేగం తగ్గించే అంచె: ఫ్యాను లేకపోయినా, ఉండి చాలకపోయినా ప్రాసెసరు వేగం తగ్గుతుంది. దీనినే థ్రాట్లింగ్ అంటారు. పని నెమ్మదిస్తుంది గాని ఆగదు.
* క్రమపద్ధతిలో ఆగే అంచె: వేగం తగ్గించినా వేడి పెరుగుతూ ఉంటే, నడుస్తున్న ప్రోగ్రాములను ముగించి, ఫైళ్ళను భద్రపరచి, ఆ తరువాత కంప్యూటరు ఆగుతుంది.
* అత్యవసరంగా ఆగే అంచె: సాఫ్ట్‌వేరుతో సంబంధం లేకుండా హార్డ్‌వేరే చిప్పును రీసెట్ చేస్తుంది లేదా విద్యుత్తును తెంచివేస్తుంది. ఫైళ్ళకు ఇక్కడ రక్షణ లేదు.

ఈ నాలుగు ఒకదాని తరువాత ఒకటిగా, తగినంత ఎడంతో ఉండవలెను. రెండు అంచెలు ఒకే ఉష్ణోగ్రత వద్ద ఉంటే ముందుది తన పని పూర్తి చేయకముందే తరువాతిది అమలులోకి వచ్చే అవకాశం ఉన్నది.

ప్రతి అంచెకు మరొక సంఖ్య కూడా ఉంటుంది. దానిని హిస్టెరిసిస్ అంటారు. ఫ్యాను 60 డిగ్రీల వద్ద మొదలై 60 వద్దనే ఆగిపోతే, ఉష్ణోగ్రత 60కి అటూ ఇటూ ఊగినపుడల్లా అది ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. హిస్టెరిసిస్ 5 డిగ్రీలుగా ఉంటే 60 వద్ద మొదలైన ఫ్యాను 55కు దిగిన తరువాత గాని ఆగదు.

రాస్ప్‌బెర్రీ పైలో అమరికలు

రాస్ప్‌బెర్రీ పైలో వేగాన్ని తగ్గించే పనిని ఫర్మ్‌వేరు చూసుకొంటుంది. చిప్పు 80 డిగ్రీలు దాటినపుడు ప్రాసెసరు వేగం క్రమంగా తగ్గుతుంది. 85 డిగ్రీలకు చేరితే ప్రాసెసరుతో పాటు గ్రాఫిక్స్ భాగం వేగం కూడా తగ్గించబడుతుంది. ఫర్మ్‌వేరు చేసేది వేగాన్ని తగ్గించడమే. ఫైళ్ళు భద్రపరచి యంత్రాన్ని ఆపడం ఆపరేటింగ్ సిస్టము చేయవలసిన పని.

ఫర్మ్‌వేరు అమరికలు కాన్ఫిగ్.టీఎక్స్‌టీ అనే ఫైలులో ఉంటాయి. పాత వెర్షన్లలో ఇది బూట్ అనే ఫోల్డరులో ఉండేది. 2023లో వచ్చిన బుక్‌వర్మ్ వెర్షను నుండి బూట్ ఫోల్డరులోని ఫర్మ్‌వేర్ అనే ఉపఫోల్డరులోకి మార్చబడినది. ఈ ఫైలులో మార్పు చేసిన తరువాత కంప్యూటరును రీస్టార్ట్ చేస్తేనే అది అమలులోకి వస్తుంది. ముఖ్యమైన అమరికలు ఇవి:

* టెంప్_లిమిట్: వేడి రక్షణ పరిమితి. ఏమీ వ్రాయకపోతే 85గా తీసుకొనబడుతుంది. 85 కంటే ఎక్కువ వ్రాసినా 85గానే పరిగణించబడుతుంది. అనగా దీనిని తగ్గించుకొనవచ్చును గాని పెంచుటకు వీలు లేదు.
* టెంప్_సాఫ్ట్_లిమిట్: 3బి ప్లస్ తరహా నమూనాలకు చెందినది. సహజంగా 60. ఇది దాటితే వేగం 1.4 నుండి 1.2 గిగాహెర్ట్జ్‌కు తగ్గి, వోల్టేజి కూడా కొంత తగ్గుతుంది. దీనిని గరిష్ఠంగా 70 వరకు పెంచవచ్చును.
* ఫ్యాను అమరికలు: రాస్ప్‌బెర్రీ పై 5లో నాలుగు మెట్లు ఉన్నవి. సహజ విలువల ప్రకారం ఫ్యాను 50 డిగ్రీల వద్ద సుమారు 30 శాతం, 60 వద్ద 50 శాతం, 67.5 వద్ద 70 శాతం వేగంతో తిరుగుతుంది. 75 వద్ద దాదాపు పూర్తి వేగం అందుకొంటుంది. ప్రతి మెట్టుకు హిస్టెరిసిస్ 5 డిగ్రీలు. ఫైలులో ఉష్ణోగ్రతను వెయ్యితో గుణించి, అనగా 50 డిగ్రీలను 50000 అని వ్రాయవలెను. ఫ్యాను వేగాన్ని 0 నుండి 255 లోపు సంఖ్యగా ఇవ్వవలెను.

పాత నమూనాలలో ఫ్యానును జీపీఐఓ పిన్ను ద్వారా నియంత్రించవచ్చును. అయితే ఆ పిన్ను ఫ్యానుకు కావలసిన కరెంటును ఇవ్వలేదు. కనుక మధ్యలో ట్రాన్సిస్టరు ఉన్న ఫ్యానునే వాడవలెను.

ప్రస్తుత స్థితిని తెలుసుకొనుట

విసిజెన్‌సీఎండీ అనే ఆదేశానికి మెజర్_టెంప్ అనే పదం జోడిస్తే ప్రస్తుత ఉష్ణోగ్రత తెలుస్తుంది. గెట్_థ్రాటిల్డ్ అనే పదం జోడిస్తే పదహారు ఆధారంగా గల ఒక సంఖ్య వస్తుంది. అందులోని ఒక్కొక్క బిట్టుకు ఒక్కొక్క అర్థం ఉన్నది.

* బిట్ 0: ఇప్పుడు వోల్టేజి చాలడం లేదు
* బిట్ 1: ఇప్పుడు ప్రాసెసరు వేగానికి పైహద్దు విధించబడినది
* బిట్ 2: ఇప్పుడు వేగం తగ్గించబడినది
* బిట్ 3: మెత్తని ఉష్ణ పరిమితి ఇప్పుడు అమలులో ఉన్నది
* బిట్లు 16 నుండి 19: పై నాలుగూ అదే వరుసలో, కంప్యూటరు మొదలైన తరువాత ఎప్పుడైనా జరిగినవా అని తెలుపుతాయి

విలువ సున్నా అయితే ఏ ఇబ్బందీ లేదని అర్థం. ఇందులో బిట్ 0, బిట్ 16 గమనింపదగినవి. నాసిరకం అడాప్టరు, సన్నని కేబుల్ వల్ల వోల్టేజి పడిపోయినపుడు కూడా వేగం తగ్గుతుంది. దానిని వేడి అని పొరబడి పరిమితులు మార్చుట వలన ప్రయోజనం ఉండదు.

లినక్స్ కెర్నెల్ పరిమితులు

లినక్స్‌లో ప్రతి ఉష్ణమాపకానికి ఒక థర్మల్ జోన్ ఉంటుంది. సిస్ ఫోల్డరులోని క్లాస్, అందులోని థర్మల్, అందులోని థర్మల్_జోన్0 అనే ఫోల్డరులో టెంప్ అనే ఫైలు ఉంటుంది. దానిని చదివితే ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యవ వంతులలో కనబడుతుంది. ఉదాహరణకు 48312 అని వస్తే 48.3 డిగ్రీలు అని అర్థం. అదే ఫోల్డరులో ట్రిప్_పాయింట్ అనే మాటతో మొదలయ్యే ఫైళ్ళు ఆ బోర్డుకు నిర్ణయించిన పరిమితులను, వాటి రకాలను చూపుతాయి. రకాలు నాలుగు.

* యాక్టివ్: ఫ్యాను వంటి సాధనాన్ని నడిపించే పరిమితి
* పాసివ్: వేగాన్ని తగ్గించే పరిమితి
* హాట్: డ్రైవరుకు హెచ్చరిక పంపే పరిమితి
* క్రిటికల్: కంప్యూటరును ఆపివేసే పరిమితి

క్రిటికల్ పరిమితి దాటగానే కెర్నెల్ క్రమపద్ధతిలో షట్‌డౌన్ మొదలుపెడుతుంది. అయితే ఏదైనా ప్రోగ్రాము ముగియక మొండికేస్తే షట్‌డౌన్ మధ్యలో నిలిచిపోవచ్చును. అటువంటపుడు నిర్ణీత వ్యవధి తరువాత బలవంతంగా ఆపే ఏర్పాటు కెర్నెల్‌లో ఉన్నది. ఆ వ్యవధిని కెర్నెల్‌ను తయారుచేసేటపుడే మిల్లీ సెకన్లలో ఇవ్వవలెను. దాని సహజ విలువ సున్నా. సున్నా అంటే వెంటనే ఆపుతుందని కాదు, ఆ ఏర్పాటు లేనట్లేనని అర్థం. చేయి చేరని చోట ఉంచే యంత్రానికి ఈ తేడా చాలా ముఖ్యం.

ఈ పరిమితులను మార్చుటకు రెండు మార్గాలు ఉన్నవి. మొదటిది, డివైస్ ట్రీలో విలువను మార్చి మరల బూట్ చేయడం. ఇది శాశ్వతమైన మార్పు. రెండవది, ట్రిప్ పాయింట్ ఫైలులో కొత్త విలువను నేరుగా వ్రాయడం. ఆ ఫైలుకు వ్రాత అనుమతి ఉన్న చోట మాత్రమే ఇది సాధ్యం. ఈ మార్పు రీస్టార్ట్ వరకే ఉంటుంది.

హార్డ్‌వేరు షట్‌డౌన్

రాక్‌చిప్ ఆర్‌కే3399 చిప్పును చివరి అంచెకు ఉదాహరణగా చెప్పవచ్చును. పైన్64 వారి రాక్‌ప్రో64, రాడ్‌జా వారి రాక్ పై 4 వంటి బోర్డులలో ఈ చిప్పు వాడబడినది. లినక్స్‌లో దీని డివైస్ ట్రీ ప్రకారం 70, 75 డిగ్రీల వద్ద వేగం తగ్గించే పరిమితులు, 95 వద్ద క్రిటికల్ పరిమితి ఉన్నవి. వీటికి అదనంగా చిప్పులోని ఉష్ణమాపక విభాగానికి సొంత షట్‌డౌన్ పరిమితి ఉంటుంది. దానిని చేరగానే, కెర్నెల్ స్తంభించిపోయి ఉన్నా సరే, చిప్పు రీసెట్ అవుతుంది లేదా ఒక పిన్ను ద్వారా విద్యుత్ నియంత్రణ చిప్పుకు సంకేతం వెళుతుంది. ఈ రెండింటిలో ఏది జరగవలెనో డివైస్ ట్రీలో ఎంచుకొనవచ్చును.

ఈ హార్డ్‌వేరు పరిమితికి కూడా సాధారణ డివైస్ ట్రీలో 95 డిగ్రీలే ఇవ్వబడినవి. సాఫ్ట్‌వేరు షట్‌డౌన్‌కు కొన్ని సెకన్లు పడుతుంది. హార్డ్‌వేరుకు క్షణం చాలును. కాబట్టి ఇటువంటి బోర్డును కీలకమైన పనికి వాడేవారు సాఫ్ట్‌వేరు పరిమితిని కొన్ని డిగ్రీలు దిగువకు జరుపుట మంచిది. హార్డ్‌వేరు పరిమితిని పైకి జరుపుట మాత్రం తగదు.

సొంత షట్‌డౌన్ ప్రోగ్రాము

బోర్డుతో వచ్చిన క్రిటికల్ పరిమితి చిప్పును దృష్టిలో ఉంచుకొని పెట్టినది. ఆ బోర్డు ఏ డబ్బాలో ఉన్నదో, ఏ పని చేస్తున్నదో దానికి తెలియదు. అందువల్ల చాలామంది అంతకంటే దిగువన ఒక చిన్న షెల్ స్క్రిప్టు ద్వారా సొంత పరిమితిని పెట్టుకొంటారు. అటువంటి స్క్రిప్టు చేయవలసిన పనులు ఈ విధంగా ఉంటాయి.

1. ప్రతి 10 లేక 20 సెకన్లకు ఒకసారి టెంప్ ఫైలును చదవడం.
2. విలువ హెచ్చరిక స్థాయి దాటితే తేదీ, సమయం, ఉష్ణోగ్రత లాగ్ ఫైలులో వ్రాసి, వీలైతే యజమానికి సందేశం పంపడం.
3. విలువ షట్‌డౌన్ స్థాయి దాటితే లెక్కను ఒకటి పెంచడం, దాటకపోతే లెక్కను సున్నా చేయడం.
4. లెక్క వరుసగా నిర్ణీత సంఖ్యకు, ఉదాహరణకు ఆరుకు, చేరితే ముఖ్యమైన ప్రోగ్రాములను వరుస క్రమంలో ముగించడం.
5. కారణాన్ని లాగ్‌లో వ్రాసి షట్‌డౌన్ ఆదేశం ఇవ్వడం.

ఒక్క కొలతతోనే ఆపివేయుట మంచిది కాదు. బరువైన పని మొదలైనపుడు ఉష్ణోగ్రత క్షణకాలం ఎగసి మరల దిగుతుంది. అలాగే, ఉష్ణోగ్రత ఫైలును చదవలేకపోయినపుడు ఏమి చేయవలెనో కూడా స్క్రిప్టులో ముందే వ్రాసుకొనవలెను. ఖాళీ విలువను సున్నాగా భావించే స్క్రిప్టు, ఉష్ణమాపకం పని చేయకపోయినా అంతా చల్లగా ఉన్నదనే అనుకొంటుంది.

క్రాన్ ద్వారా నడిపే స్క్రిప్టుకు కనీస వ్యవధి ఒక నిమిషం. చిన్న హీట్ సింకు ఉన్న బోర్డుకు ఒక నిమిషం చాలా ఎక్కువ. కనుక నిరంతరం నడిచే సర్వీసుగా, ఆగిపోతే సిస్టమ్‌డీ తిరిగి ప్రారంభించునట్లుగా దీనిని అమర్చుట మేలు.

పరిమితిని ఎంచుకొనే పద్ధతి

షట్‌డౌన్ పరిమితికి అందరికీ పనికివచ్చే ఒకే సంఖ్య లేదు. మామూలు పనిలో, అత్యంత వేడి రోజున కూడా చేరకూడని ఉష్ణోగ్రతగా అది ఉండవలెను. అనగా ఆ స్థాయికి చేరినదంటే ఫ్యాను ఆగిపోవుట, గాలి దారి మూసుకుపోవుట వంటిది ఏదో జరిగినదని అర్థం కావలెను.

స్థిరమైన పని భారం ఉన్నపుడు చిప్పు ఉష్ణోగ్రత, పరిసర ఉష్ణోగ్రత కంటే దాదాపు ఒకే స్థాయిలో ఎక్కువగా ఉంటుంది. పరిసరం 10 డిగ్రీలు పెరిగితే చిప్పు కూడా సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. కనుక ఒకసారి కొలిస్తే మిగిలినది లెక్క వేయవచ్చును. ఒక ఉదాహరణ:

* గది 26 డిగ్రీలు, పూర్తి భారంపై చిప్పు 66 డిగ్రీలు. తేడా 40.
* వేసవి మధ్యాహ్నం అదే గది 42 డిగ్రీలు. చిప్పు 42 + 40 = 82 డిగ్రీలు.

ఈ బోర్డుకు జనవరిలో 80 డిగ్రీల షట్‌డౌన్ పరిమితి పెట్టి, అంతా బాగున్నదని వదిలివేస్తే, మే నెలలో అది రోజూ మధ్యాహ్నం ఆగిపోతుంది. పరిమితిని 90కి పెంచుట దీనికి పరిష్కారం కాదు. ముందుగా తేడాను తగ్గించవలెను. హీట్ సింకు, ఫ్యాను అమర్చుట వలన తేడా 28కి దిగినదనుకొంటే, వేసవిలో చిప్పు 70 డిగ్రీల వద్ద ఉంటుంది. అప్పుడు 80 వద్ద ఫర్మ్‌వేరు వేగం తగ్గించడం, 83 డిగ్రీలు రెండు నిమిషాల పాటు నిలిస్తే షట్‌డౌన్ చేయడం అర్థవంతమైన అమరిక అవుతుంది.

రాస్ప్‌బెర్రీ పైలో మరొక విశేషం గమనించవలెను. ఫర్మ్‌వేరు తానే వేగం తగ్గిస్తూ చిప్పును 85 డిగ్రీలు దాటకుండా నిలుపుటకు ప్రయత్నిస్తుంది. అందువల్ల 90 వద్ద పెట్టిన సొంత పరిమితి ఆచరణలో చాలా అరుదుగా అమలులోకి వస్తుంది. బోర్డు రోజుల తరబడి 84 డిగ్రీల వద్ద నెమ్మదిగా నడుస్తూ ఉన్నా ఎవరికీ తెలియదు.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ లెక్క చాలా అవసరం. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు పైగా నమోదవుతూ ఉంటుంది. వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత నీడలో కొలిచినది. రేకుల కప్పు క్రింద గాని, ఎండ తగిలే డబ్బాలో గాని గాలి అంతకంటే వేడిగా ఉంటుంది. చల్లని దేశంలో వ్రాసిన సూచనలలోని సంఖ్యలను యథాతథంగా ఇక్కడ వాడితే, లెక్కలో 15, 20 డిగ్రీల తేడా వచ్చే అవకాశం ఉన్నది.

షట్‌డౌన్ తరువాత

షట్‌డౌన్ అయిన కంప్యూటరును తిరిగి ఎవరు ప్రారంభిస్తారు అనే ప్రశ్నకు సమాధానం పరిమితి పెట్టేటప్పుడే ఆలోచించుకొనవలెను. కరెంటు పోయి వచ్చినపుడు ఈ బోర్డులు తమంతట తామే మొదలవుతాయి. కాని షట్‌డౌన్ అయిన బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి అది చల్లారిన తరువాత కూడా మొదలు కాదు. రాస్ప్‌బెర్రీ పై 4, అంతకు ముందు నమూనాలకు కరెంటు తీసి పెట్టడం గాని, జీపీఐఓ 3 పిన్నును గ్రౌండుకు తాకించడం గాని చేయవలెను. రాస్ప్‌బెర్రీ పై 5లో పవర్ బటను ఉన్నది. దానిలోని గడియారానికి అలారం పెట్టి, నిర్ణీత సమయం తరువాత తిరిగి మొదలగునట్లు చేయవచ్చును.

బోర్డు చేసే పనిని బట్టి కూడా నిర్ణయం మారుతుంది. పాటలు వినిపించే బోర్డు సాయంత్రం వరకు ఆగినా నష్టం లేదు. మందులు నిలువ ఉంచిన ఫ్రిజ్ ఉష్ణోగ్రతను గమనించే బోర్డు మౌనంగా ఆగిపోతే, ఫ్రిజ్ చెడిపోయినా హెచ్చరిక రాదు. అటువంటి చోట ఆగే ముందు సందేశం పంపడం, సందేశాలు రావడం ఆగిపోతే గమనించే మరొక యంత్రం ఉండడం అవసరం. 3డి ప్రింటరును నడిపే బోర్డు ఆగితే, ప్రింటరులోని హీటరు వేడిగానే ఉండిపోవచ్చును. కనుక ముందు హీటరును ఆపి, ఆ తరువాత బోర్డును ఆపవలెను.

క్రమపద్ధతిలో ఆగుటకు, ఉన్నట్టుండి ఆగుటకు ఉన్న తేడా మెమరీ కార్డుపై స్పష్టంగా కనబడుతుంది. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టములోని జర్నల్ పద్ధతి ఫైళ్ళ అమరికను కాపాడుతుంది గాని, ప్రోగ్రాములు ఇంకా కార్డుకు చేరవేయని సమాచారాన్ని కాపాడలేదు. కార్డు వ్రాస్తూ ఉండగా విద్యుత్తు తెగితే దాని అంతర్గత పట్టికలు దెబ్బతిని, కార్డు మొత్తం చదవరానిదయ్యే ప్రమాదం కూడా ఉన్నది.

పరీక్షించుట

పరిమితి నిజంగా పని చేస్తున్నదా లేదా అని ముందే పరీక్షించవలెను. సులభమైన పద్ధతి, స్క్రిప్టులోని షట్‌డౌన్ స్థాయిని తాత్కాలికంగా 50 వంటి తక్కువ విలువకు మార్చి చూడడం. బోర్డు క్రమంగా ఆగినదా, లాగ్‌లో కారణం వ్రాయబడినదా, సందేశం అందినదా అని చూసి, తరువాత అసలు విలువను తిరిగి పెట్టవలెను.

కెర్నెల్ క్రిటికల్ పరిమితిని పరీక్షించుటకు, ఉష్ణోగ్రత అనుకరణ సౌకర్యంతో తయారైన కెర్నెళ్ళలో ఎముల్_టెంప్ అనే ఫైలు ఉంటుంది. అందులో ఒక విలువ వ్రాస్తే కెర్నెల్ దానినే అసలు ఉష్ణోగ్రతగా భావిస్తుంది. అనుకరణ నడుస్తున్నంతసేపు, క్రిటికల్ స్థాయి లోపు ఉన్న నిజమైన వేడి కెర్నెల్‌కు కనబడదు. కనుక ఈ పరీక్షను చల్లగా ఉన్న బోర్డుపైనే చేయవలెను.

చల్లార్చే ఏర్పాటును పరీక్షించుటకు స్ట్రెస్-ఎన్‌జీ వంటి ప్రోగ్రాముతో అన్ని కోర్లపై పూర్తి భారం వేసి, ఉష్ణోగ్రత ఒక స్థాయిలో నిలిచేవరకు గమనించవలెను. డబ్బా మూసి, బోర్డు ఉండబోయే చోటనే ఉంచి చేసిన పరీక్షే నమ్మదగినది.

సాధారణ పొరపాట్లు

* 80 అని వ్రాయవలసిన చోట 80000 అని, 80000 అని వ్రాయవలసిన చోట 80 అని వ్రాయడం. ఫర్మ్‌వేరు పరిమితులు డిగ్రీలలోను, కెర్నెల్, ఫ్యాను పరిమితులు వెయ్యవ వంతులలోను ఉంటాయి. ట్రిప్ పాయింటులో 80 అని వ్రాస్తే అది డిగ్రీలో పదో వంతు కన్నా తక్కువ. బోర్డు మొదలైన వెంటనే ఆగిపోతుంది.
* పరిమితిని పెంచి వేడి సమస్య తీరినదనుకోవడం. తీరినది హెచ్చరిక మాత్రమే, వేడి కాదు.
* ఫ్యాను ఉన్నదనే ధైర్యంతో షట్‌డౌన్ పరిమితి పెట్టకపోవడం. ఫ్యాను అరిగిపోయే భాగం. దుమ్ము పట్టి ఆగిపోవడం సాధారణం.
* వాచ్‌డాగ్‌ను ఉష్ణ రక్షణగా భావించడం. వాచ్‌డాగ్ స్తంభించిన కంప్యూటరును రీస్టార్ట్ చేస్తుంది. వేడి వల్ల స్తంభించిన కంప్యూటరు రీస్టార్ట్ అయి అదే వేడిలో మరల నడుస్తుంది.
* ఒకసారి పెట్టిన విలువలను ఆపరేటింగ్ సిస్టము మార్చిన తరువాత సరిచూడకపోవడం. ఫైలు చోటు మారినపుడు పాత ఫైలులో వ్రాసిన అమరిక చదవబడదు.

ఇవి కూడా చూడండి

* రాస్ప్‌బెర్రీ పై
* లినక్స్ కెర్నెల్
* హీట్ సింక్
* మైక్రోప్రాసెసరు
* ఉష్ణమాపకం